నిధులు ఆగినా ఆగనివాళ్ళు

అత్తగారిని ఎడమపక్కకు తిప్పుతుండగా ప్రాజెక్టమ్మకు పద్నాలుగో ప్రశ్నకు జవాబు తట్టింది. తట్టింది కానీ రాసుకోవడానికి చేతులు ఖాళీ లేవు. ఒక చెయ్యి అత్తగారి భుజం కింద, రెండోది తుంటి కింద ఇరుక్కుని ఉన్నాయి. వీపు వెనక దిండు దూర్చేదాకా ఏ చేతినీ తీయడానికి లేదు. రెండేళ్ళ కిందట పక్షవాతం వచ్చి కుడివైపంతా పడిపోయిన మనిషి. రెండు గంటలకోసారి అటూ ఇటూ తిప్పకపోతే వీపు మీద పుండ్లు పడతాయి. ఈ రెండేళ్ళుగా ప్రాజెక్టమ్మకు కాలమంటే గడియారంలో ముల్లు కాదు, అత్తగారి ఎడమపక్క, కుడిపక్క. ఆఫీసులో ఎవరైనా "మీటింగు ఎన్నింటికి పెట్టుకుందాం?" అంటే ముందు అత్తగారు ఏ పక్కన ఉంటుందో లెక్కవేసుకుని గానీ జవాబు చెప్పదు.

ప్రాజెక్టమ్మ అన్నది పుట్టినప్పుడు పెట్టిన పేరు కాదు, ఆసుపత్రిలో తగిలించిన పేరు. దాతల దయమీద నడిచే చిన్న ధర్మాసుపత్రి అది. దయ ఊరికే రాదు, దరఖాస్తు పెట్టుకోవాలి. ఆ దరఖాస్తులు రాసేది ఈమె. డాక్టర్లు రోగుల నాడి చూస్తే ఈమె దాతల నాడి చూస్తుంది. ఎవరికి పసిపిల్లలంటే జాలి, ఎవరికి యంత్రాలంటే మోజు, ఎవరు ప్రతి కాగితంలోనూ 'కొత్తదనం' అనే మాట లేకపోతే రెండో పేజీ తిప్పరు, అన్నీ కంఠతా వచ్చు. ఆసుపత్రిలో పదకొండేళ్ళుగా దీపం వెలుగుతోందంటే అందులో సగం నూనె ఈమె పోసిందే. ఆ మాట ఎవరూ అనలేదు. "ఆవిడకేముంది, కూర్చుని టైపు చేసే పని" అని మాత్రం చాలామంది అన్నారు, మొగుడితో సహా.

ఇప్పుడు ఆపదలో ఉన్నది ఇంటింటి సేవ. మంచాన పడి ఆసుపత్రికి రాలేనివాళ్ళ దగ్గరికి ఇద్దరు నర్సులు ఒక పాత వ్యానులో వెళ్ళి, పుండ్లు కడిగి, గొట్టాలు మార్చి, మందులు సరిచూసి వస్తారు. నూట నలభై ఇళ్ళు. డబ్బిచ్చే సంస్థ మూడేళ్ళు ఇచ్చి, "ఇక మా దృష్టి వేరే రంగాల మీద పెడుతున్నాం" అని మర్యాదగా ఉత్తరం రాసి తప్పుకుంది. ఈ నెలాఖరుకి వ్యాను ఆగిపోతుంది. మిగిలిన ఆశల్లా కొత్తగా వచ్చిన ఒక ఫౌండేషన్. దాని ఫారంలో ఇరవై రెండు ప్రశ్నలు, గడువు ఆ రోజు సాయంత్రం ఐదు గంటలు. అందులో పద్నాలుగోది ఇది: 'నిధులు ఆగిపోయిన తర్వాత ఈ సేవను ఎవరు కొనసాగిస్తారు?' ఏ దాత ఫారం తిరగేసినా ఈ ప్రశ్న ఉంటుంది. మేం నాలుగు రోజులిచ్చి వెళ్ళిపోతాం, ఆ తర్వాత మీ పాట్లేమిటో ఇప్పుడే చెప్పండి, అని దాని తాత్పర్యం.

దరఖాస్తు రాయడంలో ప్రాజెక్టమ్మకు ఒక పద్ధతి ఉంది. ఫారం భాష ఆమెకు నేరుగా రాదు. ముందు మనసులో ఉన్నది ఉన్నట్టు ఇంటి మాటల్లో రాసుకుంటుంది. ఆ ఫైలు పేరు 'పచ్చిది'. తర్వాత కూర్చుని ఒక్కో మాటా మారుస్తుంది. 'మంచాన పడ్డవాళ్ళు' అన్నచోట 'దీర్ఘకాలిక సంరక్షణ అవసరమైన లబ్ధిదారులు'. 'డబ్బుల్లేక చేతులెత్తేశాం' అన్నచోట 'వనరుల కొరత దృష్ట్యా సేవలను కుదించాం'. 'అడుక్కోవడం' అన్నచోట 'నిధుల సమీకరణ వ్యూహం'. ఈ ఫైలు పేరు 'వండినది'. అన్నిటికన్నా ఎక్కువసార్లు మార్చే మాట 'కోడళ్ళు'. మూడేళ్ళ కిందట ఒక రిపోర్టులో ఆ మాట అలాగే ఉండిపోతే ఆసుపత్రి నడిపే పెద్ద డాక్టరు ఎర్రపెన్ను తీశాడు. "ఏంటమ్మా ఇది, సీరియల్ రాస్తున్నావా? కుటుంబ సభ్యులు అని రాయి. గౌరవంగా ఉంటుంది." గౌరవం ఎవరికో ఆయన చెప్పలేదు, ఆమె అడగలేదు. అప్పట్నించీ కోడళ్ళందరూ కుటుంబ సభ్యులైపోయారు.

ఆ సాయంత్రం అత్తగారి మంచం పక్క స్టూలు మీద లాప్‌టాప్ పెట్టుకుని పచ్చి ఫైలులో పద్నాలుగో ప్రశ్న కింద గబగబా కొట్టేసింది. 'కోడళ్ళు కొనసాగిస్తారు. ఇప్పుడు చేస్తున్నదీ వాళ్ళే. నర్సు వారానికి ఒక పావుగంట వస్తుంది. మిగతా వారమంతా కోడళ్ళే. వాళ్ళకు ఎవరూ జీతం ఇవ్వరు కాబట్టి నిధులు ఆగినా వాళ్ళు ఆగరు.' రాసి చిన్నగా నవ్వుకుంది. ఇక మాటలు మార్చాలి. అప్పుడే అత్తగారు పక్క తడుపుకుంది. దుప్పట్లు మార్చి, ఒళ్ళు తుడిచి, పొడి చల్లి వచ్చేసరికి ఫోను. వేరే ఊళ్ళో ఉన్న ఆడపడుచు. "వదినా, అమ్మ గొంతు నీరసంగా ఉంది, పాలు సరిగ్గా పడుతున్నావా?" తల్లి గొంతు ఆ పిల్ల విని పది రోజులైంది, నీరసం ఎలా తెలిసిందో దేవుడికే ఎరుక. అది పెట్టేయగానే మొగుడు. "ఇంకాసేపట్లో ఇద్దరు ఫ్రెండ్స్ వస్తారు. టీ పెట్టి ఉంచు." గడియారం చూస్తే నాలుగూ యాభై ఆరు. వండిన ఫైలులో మిగతా మార్పులు హడావిడిగా చేసి, ఫైలు ఎక్కించి, నొక్కాల్సింది నొక్కింది. 'మీ దరఖాస్తు అందినది. ఇకపై మార్పులకు వీలు లేదు' అని తెరమీద అక్షరాలు పడ్డాయి. హమ్మయ్య అనుకుని టీకి నీళ్ళు పెట్టింది.

మర్నాడు పొద్దున ఆఫీసు కాపీ తీసి దాచబోతూ చూసింది. వెళ్ళింది పచ్చిది.

గబగబా పేజీలు తిప్పింది. మొదటి పేజీ నుంచి ఆఖరి పేజీ దాకా ఒక్క వండిన మాట లేదు. 'మా వ్యాను ముక్కుతూ మూలుగుతూ నడుస్తోంది' అలాగే ఉంది. 'పెద్ద డాక్టరుగారికి ఫొటోలంటే సరదా కానీ మనిషి మంచివాడు' అని ఆమె నవ్వులాటకు రాసుకున్న ముక్క కూడా యథాతథంగా ఏడో ప్రశ్న కింద కూర్చుని ఉంది. కోడళ్ళు అన్న మాట ముప్పై చోట్లకి పైనే ఉంది. ఫౌండేషన్‌కి ఫోను చేసింది. "మార్పులకు వీలు లేదండీ" అని ఒక తీయటి గొంతు మూడుసార్లు చెప్పింది.

ఆ తర్వాత పదకొండు రోజులు ఆమె తేలు కుట్టిన దొంగలా తిరిగింది. ఫోను మోగితే ఉలిక్కిపడేది, మోగకపోతే ఎందుకు మోగలేదని ఉలిక్కిపడేది. కడిగిన గ్లాసే మళ్ళీ కడిగేది. అత్తగారికి మధ్యాహ్నం మాత్ర వేశానో లేదో గుర్తురాక ఖాళీ రేకులు లెక్కపెట్టుకునేది. నూట నలభై ఇళ్ళూ వరసగా కళ్ళ ముందుకు వచ్చేవి. పచ్చ తలుపు ఇల్లు, మెట్ల కింద గది, గొట్టం మార్చాల్సిన ముసలాయన. తన బుద్ధి గడ్డి తినబట్టి వీళ్ళందరి తలుపుల ముందూ వ్యాను ఆగడం మానేస్తుంది. పెద్ద డాక్టరుతో చెప్పేద్దామని రెండుసార్లు ఆయన గది దాకా వెళ్ళింది. మొదటిసారి ఆయన ఫోనులో ఉన్నాడు. రెండోసారి ఖాళీగానే ఉన్నాడు. కాళ్ళే వెనక్కి తిరిగాయి.

చెప్పుకున్నది ఒక్క నర్సక్కతో. ఇంటింటి సేవకి పెద్ద దిక్కు ఆమె, యాభై దాటిన మనిషి. వ్యానులో కూర్చుని కాగితాలు పూర్తిగా చదివి, కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వింది. "పదకొండేళ్ళ నుంచి నువ్వు రాసినవన్నీ చదివాను. నాకు అర్థమైంది ఇదొక్కటేనే."

"నవ్వకక్కా. నీ ఉద్యోగం కూడా ఇందులోనే ఉంది."

"ఉంటే ఉంది. ఏం, అబద్ధం రాశావా?"

అబద్ధం కాదు. అదే కదా భయం. అబద్ధమైతే సర్దుకోవచ్చు.

ఇంట్లో దాచలేకపోయింది. మొగుడు అన్నం తింటూ, "ఏంటి, మొహం అలా వేలాడేశావు?" అంటే ఉన్నది చెప్పేసింది. ఆయన చెడ్డవాడేం కాదు. బీమా ఆఫీసులో పదిమంది మెచ్చుకునే ఉద్యోగి, ఇంట్లో గొంతు పెంచడు, అమ్మ అంటే ప్రాణం. ప్రతి సాయంత్రం మంచం దగ్గర నిలబడి "ఎలా ఉన్నావమ్మా?" అని అడుగుతాడు. ఆమె బాగున్నానంటే సంతోషంగా టీవీ పెట్టుకుంటాడు. అంతా విని, "పోతే పోనీలే. ఉద్యోగం పోతే ఇంటిపట్టున ఉంటావు. అమ్మకీ మంచిదే" అన్నాడు. ఓదార్పుగానే అన్నాడు. చారెడు మాటే, కానీ ఆ రోజంతా అది ఆమె గొంతులో దిగలేదు, పైకి రాలేదు. అత్తగారు పడిపోయిన రోజు కూడా ఇలాగే ఎవరూ ఏమీ బలవంతపెట్టలేదు. "ఉద్యోగం మానమని మేమెవరం అంటాం వదినా? ఇంటినుంచి చేసుకో" అంది ఆడపడుచు. "నీకు ఆసుపత్రి పని తెలుసు కదా" అన్నాడు మొగుడు. తనకు తెలిసింది దరఖాస్తులు రాయడం. అయినా తల ఊపింది. జీతం సగమైంది, పని మాత్రం సగం కాలేదు. అప్పుడు ఎవరూ అడగలేదన్నది ఒక్కటే నిజం కాదు. తను కూడా చెప్పలేదు.

పన్నెండో రోజు పెద్ద డాక్టరు కబురు పెట్టాడు. అమ్మవారికి దణ్ణం పెట్టుకున్నట్టు కళ్ళు మూసుకుని, తలుపు తోసింది. ఆయన లేచి నిలబడి ఉన్నాడు, మొహం వెలిగిపోతోంది.

"ప్రాజెక్టమ్మా, కొట్టావమ్మా! ఫౌండేషన్ వాళ్ళు ఫోను చేశారు. మూడొందల దరఖాస్తుల్లో చివరిదాకా చదివించింది ఇదొక్కటేనట. కోడలు మోడల్! ఏం ఆలోచన! నేనూ చదివాను. ఫొటోల సంగతి తర్వాత మాట్లాడుకుందాంలే."

ఆమెకు కాళ్ళలోకి ప్రాణం వచ్చింది. పది నిమిషాలు ఉంది ఆ ప్రాణం. పదకొండో నిమిషంలో ఆయన కొత్త ప్రణాళిక చెప్పాడు. ఫౌండేషన్ వాళ్ళకి బాగా నచ్చింది ఏమిటంటే పద్నాలుగో జవాబులోని ఆ ఆఖరి వాక్యమే. నిధులు ఆగినా ఆగనివాళ్ళు! ఇంతకన్నా నమ్మకమైన ఏర్పాటు ఏ దేశంలో దొరుకుతుంది? కోడళ్ళకు నాలుగు రోజుల శిక్షణ ఇస్తే నర్సు పని కూడా వాళ్ళే చేసేస్తారు, కాబట్టి ఇద్దరు నర్సులు అనవసరం, ఒక్కరు చాలు. వ్యాను వారానికి కాదు, నెలకోసారి తిరిగితే సరిపోతుంది. కోడళ్ళ చేత 'నా ఇష్టపూర్వకంగా' అని ఒక కాగితం మీద సంతకం తీసుకుంటే అయిపోతుంది. "రేపు పొద్దున పరిశీలనకి వస్తున్నారు. ఒక ఇల్లు చూపించాలి. మీ అత్తగారున్నారు కదా, మన ఇల్లే చూపిద్దామని చెప్పేశాను. అన్నీ పద్ధతిగా ఉంటాయి కదా."

మన ఇల్లు! సొమ్మొకడిది, సోకొకడిది. ఆమె నోరు తెరిచింది, "సరే సార్" అంది, బయటికి వచ్చింది. మెట్ల దగ్గర గోడ పట్టుకుని నిలబడిపోయింది. డబ్బు రాదేమోనన్న భయం పోయి, వస్తుందేమోనన్న భయం పట్టుకుంది. తను ఉడుకుమోత్తనంతో రాసుకున్న మాట రేపు ఫౌండేషన్ కాగితం మీద పథకమవుతుంది. నూట నలభై ఇళ్ళల్లో కోడళ్ళకు గొట్టాలు మార్చడం కూడా నేర్పిస్తారు. అది చేసింది తనే. కాదంటే వ్యాను పూర్తిగా ఆగిపోతుంది. అదీ చేసేది తనే. ముందు నుయ్యి, వెనక గొయ్యి అని ఊరికే అనలేదు పెద్దవాళ్ళు.

మర్నాడు పదింటికి వచ్చారు. మొగుడు సెలవు పెట్టి, ఇస్త్రీ చొక్కా వేసుకుని, కుర్చీలు వరసగా వేశాడు. పెద్ద డాక్టరు నర్సక్కను వెంటబెట్టుకుని వచ్చాడు. ఫౌండేషన్ తరఫున వచ్చింది ఒక్కతే, నెరిసిన జుట్టు పొట్టిగా కత్తిరించుకున్న కళ్ళజోడావిడ. మంచినీళ్ళు మాత్రం తాగి, నేరుగా అత్తగారి మంచం దగ్గరికి వచ్చి కూర్చుంది. వీపు చూసింది, మడమలు చూసింది. "ఒక్క పుండు కూడా లేదు" అంది, మెచ్చుకోలుగా.

"మేమంతా కలిసి చూసుకుంటామండీ" అన్నాడు మొగుడు.

"మంచిది. అమ్మగారు ఇప్పుడు ఏ పక్కన పడుకుని ఎంతసేపైంది?"

మొగుడు తల్లి వైపు చూశాడు, గడియారం వైపు చూశాడు, చివరికి పెళ్ళాం వైపు చూశాడు. "అవన్నీ ఈవిడ చూసుకుంటుందండీ" అన్నాడు నవ్వుతూ. కళ్ళజోడావిడ ఏదో రాసుకుంది.

"ఇదే మేడమ్ మా మోడల్" అని పెద్ద డాక్టరు అందుకున్నాడు. "సేవాభావం. మా ప్రాజెక్టమ్మ అటు ఆఫీసు, ఇటు ఇల్లు..."

ఆవిడ చెయ్యెత్తి ఆపింది. ప్రాజెక్టమ్మ వైపు తిరిగింది. "రాసింది మీరే కదా. మా బోర్డు ఒక్క ప్రశ్న అడుగుతుంది. ఇందులో కొత్తదనం ఏమిటి?"

గదిలో అందరూ ఆమె వైపు చూశారు. జవాబు నాలుక చివరే ఉంది. 'కుటుంబ కేంద్రిత, తక్కువ వ్యయంతో కూడిన...' ఇలాంటివి నిద్రలో లేపి అడిగినా చెబుతుంది. నర్సక్క గుమ్మం దగ్గర చేతులు కట్టుకుని నిలబడి ఉంది. పెద్ద డాక్టరు కళ్ళతోనే 'చెప్పమ్మా' అంటున్నాడు.

"కొత్తదనం ఏమీ లేదండీ" అంది ప్రాజెక్టమ్మ. తన గొంతు తనకే ఎవరిదోలా వినిపించింది. "మా అత్తయ్య వాళ్ళ అత్తగారికి తొమ్మిదేళ్ళు చేసింది. అప్పుడు ఫౌండేషన్లు లేవు. మీకు వచ్చిన కాగితం పొరపాటున వచ్చింది. నేను మాటలు మార్చి పంపాలి, మార్చకుండా పంపేశాను. అందులో ఉన్నదంతా నిజమే. ఒక్క ముక్క తప్ప."

"ఏ ముక్క?"

"ఆగరు అన్న ముక్క. ఆగుతారండీ. మా జాబితాలో ముప్పై ఒకటో ఇంటికి మొదట ఒక ముసలావిడ కోసం వెళ్ళేవాళ్ళం. ఆవిణ్ణి ఎత్తీ ఎత్తీ కోడలి నడుం పడిపోయింది. ఇప్పుడు అదే ఇంట్లో రెండు మంచాలున్నాయి, జాబితాలో ఇద్దరి పేర్లూ ఉన్నాయి. అలా ఆగుతారు. అందుకని ఇద్దరు నర్సులూ కావాలి, వ్యాను వారానికోసారి రావాలి. శిక్షణ ఇస్తానంటే ఇవ్వండి. కోడళ్ళకి వద్దు, వాళ్ళకి వచ్చు. కొడుకులకి ఇవ్వండి. అది కొత్త."

పెద్ద డాక్టరు దగ్గాడు. మొగుడి నవ్వు మొహం మీద అలాగే ఆగిపోయింది, దాన్ని ఏం చెయ్యాలో తెలియనట్టు.

"కొడుకులు ఒప్పుకుంటారా?" అంది కళ్ళజోడావిడ.

"కోడళ్ళు ఒప్పుకున్నారో లేదో మీ ఫారంలో ఇరవై రెండు ప్రశ్నల్లోనూ లేదండీ."

అనేసింది. పోయింది, అనుకుంది. పచ్చ తలుపు, మెట్ల కింద గది, గొట్టం ముసలాయన, అంతా పోయింది. కళ్ళజోడావిడ పెన్ను మూత పెట్టి మళ్ళీ తీసింది.

"చూడమ్మా. నువ్వు చెప్పింది నేను కాదనను. కానీ మా బోర్డులో కూర్చునేవాళ్ళంతా కొడుకులే. ఒక్క ఇంట్లో కూడా చూడనిదాన్ని, జరుగుతుంది అని నేను ఎలా రాసి ఇవ్వను? చూస్తే రాస్తాను."

ఆ మాటకు పెద్ద డాక్టరు తల మెల్లిగా మొగుడి వైపు తిరిగింది. నర్సక్క తలా తిరిగింది. పదకొండేళ్ళ ఆసుపత్రి భారం ఒక్కసారిగా వచ్చి ఒక ఇస్త్రీ చొక్కా మీద వాలింది.

"ఇప్పుడా?" అన్నాడు ఆయన. "అందరి ముందూనా? నాకు... నేను పట్టుకుంటే అమ్మకి నొప్పి పుడుతుందేమో. నువ్వు చెయ్యరాదా, ఈ ఒక్కసారికి?"

ఈ ఒక్కసారికి. రెండేళ్ళలో అన్నీ ఆ ఒక్కసారులే. ప్రాజెక్టమ్మ చేతులు అలవాటుగా మంచం వైపు కదిలాయి. అప్పటికి అత్తగారు ఎడమపక్కన పడుకుని రెండు గంటలు దాటుతోంది. ఆ సంగతి ఆ గదిలో ఆమెకూ, మంచం మీద ఉన్న మనిషికీ మాత్రమే తెలుసు. ఆమె చేతులు వెనక్కి తీసుకుని, కొంగుతో తుడుచుకుంది. మంచం తలవైపు నుంచి పక్కకు జరిగి, గోడకు ఆనుకుని నిలబడింది. ఆయన బయటికి వెళ్ళిపోతే? సాయంత్రం ఈ ఇంట్లో ఎలా ఉంటుంది? ఆడపడుచు ఫోనులో ఏమంటుంది?

"వాడికి రాదే" అంది అత్తగారు, వంకరపోయిన నోటితో, ముద్దముద్దగా.

"నాకూ రాలేదత్తయ్యా, మొదటిరోజు."

అత్తగారు కోడలి వైపు చూసింది. ఏమనుకుందో ఏమో, కాసేపటికి పనిచేసే ఎడమచేతిని ఒంటికింద నుంచి కష్టపడి లాక్కుని, కొడుకు కోసం దుప్పటి పక్కకు తోసింది. మొగుడు ఒకడుగు ముందుకు వేశాడు. రెండు చేతులూ గాలిలో పెట్టుకుని, ఎక్కడ పట్టుకోవాలో తెలియక, పెళ్ళాం మొహంలోకి చూశాడు.

"ముందు చేతులు కడుక్కుని రండి" అంది ప్రాజెక్టమ్మ.